మారిషస్ జనాభా లెక్క: 30 వేల మంది తేడా ఎక్కడిది?

2011 జూలై జనగణనలో మారిషస్ నివాస జనాభా సుమారు 12.37 లక్షలు. 2022 జూలై జనగణనలో సుమారు 12.35 లక్షలు. పదకొండేళ్లలో తగ్గింది రెండు వేలే కాబట్టి, పైపైన చూస్తే ఏ మార్పూ లేని దేశంలా కనిపిస్తుంది. కానీ గణనకు ఏడాది ముందు, 2021లో, అధికారిక అంచనా 12.66 లక్షల దగ్గర ఉంది. అంటే దేశంలో ఉన్నారనుకున్న వాళ్లలో దాదాపు 30 వేల మంది లెక్కకు దొరకలేదు. ఇది జనాభాలో రెండున్నర శాతం. పింఛను బడ్జెట్ వేసేవాళ్లకీ, బడుల్లో సీట్లు లెక్కగట్టేవాళ్లకీ, తలసరి ఆదాయం ప్రకటించేవాళ్లకీ ఈ తేడా చిన్నది కాదు.

ఈ కేసులో మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. చిన్న ద్వీప దేశంలో ఎవరిని ఏ గడిలో లెక్కపెట్టాలన్న నిర్ణయమే జనాభా అంకెను తయారుచేస్తుంది. పెద్ద దేశంలో నిర్వచనాల తేడాలు దశాంశ స్థానాల్లో కలిసిపోతాయి. ఇక్కడ అవి మొత్తం ఫలితాన్నే తారుమారు చేస్తాయి. అందుకే మొత్తం అంకెను చివర చూడాలి. ముందు చూడాల్సింది పట్టిక తలకట్టు కింద చిన్న అక్షరాల్లో ఉండే నిర్వచనం.

తేడాను విడదీయడం

మొదట సాధారణ సమీకరణంతో మొదలుపెట్టాలి: పాత గణన, దానికి జననాలు కలిపి, మరణాలు తీసేసి, నికర వలస కలిపితే కొత్త గణన రావాలి. మారిషస్‌లో జనన మరణాల నమోదు దాదాపు సంపూర్ణం. కాబట్టి ఆ రెండు అంకెల మీద ధైర్యంగా ఆధారపడవచ్చు. 2011 మధ్య నుంచి 2022 మధ్య వరకు జననాలు సుమారు 1.45 లక్షలు, మరణాలు సుమారు 1.15 లక్షలు. సహజ పెరుగుదల 30 వేల చిల్లర. వలస సున్నా అనుకుంటే 2022 గణన 12.67 లక్షలు చూపించాలి. అధికారిక అంచనా సరిగ్గా అక్కడే ఉంది. అంటే జననాలు కలపడం, మరణాలు తీసేయడం బాగానే జరిగింది. దొరకనిది వలస. లేదా 2022 గణనలో తప్పిపోయిన ఇళ్లు. లేదా రెండూ కొంత కొంత.

వలస ఎందుకు దొరకదు? ద్వీపం కదా, విమానాశ్రయం ఒకటి, ఓడరేవు ఒకటి, వచ్చేపోయేవాళ్లందరి కార్డులూ ఉంటాయి, లెక్క సులువుగా తేలాలని అందరూ అనుకుంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. 2019లో మారిషస్‌కు వచ్చిన పర్యాటకులే 13.8 లక్షల మంది. దేశ జనాభా కంటే ఎక్కువ. ఈ ప్రవాహంలో ప్రతి వెయ్యి మందిలో ఇద్దరి స్థితి తప్పుగా నమోదైనా ఏడాదికి 2,700 మంది తేడా వస్తుంది. పదకొండేళ్లకు అదే 30 వేలు. పైగా తప్పు ఒకే దిక్కుకు ఒరుగుతుంది. చదువుకోవడానికి వెళ్లే కుర్రవాడు వెళ్లేటప్పుడు ‘తిరిగి వస్తాను’ అనే రాస్తాడు. అక్కడే ఉద్యోగం దొరికి ఉండిపోతే ఆ మార్పును నమోదు చేసే కార్డు ఎక్కడా లేదు. అందుకే రాకపోకల తేడాను నేరుగా నికర వలస కింద రాసేయకూడదు. అది పెద్ద అంకెలోంచి మరో పెద్ద అంకెను తీసేస్తే మిగిలే చిన్న శేషం. రెండింటిలో ఉన్న తప్పులన్నీ ఆ శేషంలోకే చేరతాయి.

కాబట్టి తేడాను వయసులవారీగా చూడాలి. 2011లో ఒక వయసు జట్టు ఎంతమందో తీసుకుని, జీవిత పట్టిక (ఏ వయసులో ఎంతమంది చనిపోతారో చూపేది) ప్రకారం పదకొండేళ్లు బతికించి, 2022లో దొరికినవాళ్లతో పోల్చాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. గణన 2021లో జరగాల్సింది, కోవిడ్ వల్ల 2022కు వాయిదా పడింది. దాంతో వ్యవధి పదేళ్లు కాక పదకొండేళ్లయింది. 2011లో 20–24 ఏళ్లవాళ్లు 2022కి 31–35 ఏళ్లవాళ్లు. ఐదేళ్ల జట్ల పట్టికలో 30–34, 35–39 మాత్రమే ఉంటాయి. రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి రెండు గళ్లు కిందికి జరిపి తీసేస్తే ప్రతి జట్టులోనూ దొంగ వలస పుడుతుంది. ఒక్కొక్క ఏడు వయసు పట్టిక తెచ్చుకోవాలి. అది దొరకకపోతే ఐదేళ్ల జట్లను స్ప్రేగ్ గుణకాలతో (ఒక్కో ఏడు వయసులో ఎంతమందో అంచనా కట్టే సూత్రం) విడదీసి అప్పుడు కదపాలి.

ఇరవైల వయసులో ఉన్నవాళ్లలో పదకొండేళ్లలో చనిపోయేది నూటికి ఒకరిద్దరే. ఆ జట్టులో నూటికి ఐదుగురు తగ్గితే ఆ తగ్గుదల మరణాలది కాదు. డెబ్బై దాటిన జట్లలో మాత్రం ఈ పద్ధతి పనిచేయదు, మరణాల అంచనాలో చిన్న తప్పు కూడా వలసను మింగేస్తుంది. ఆ వయసుల్ని వదిలేయడమే మంచిది.

వలసా, గణనలో తప్పిపోవడమా అని తేల్చడానికి పసిపిల్లల జట్టు బాగా పనికొస్తుంది. గణనకు ముందు పన్నెండు నెలల్లో నమోదైన జననాల్లోంచి శిశు మరణాలు తీసేస్తే, గణనలో సున్నా వయసు గడిలో ఎంతమంది ఉండాలో తెలుస్తుంది. నెలల బిడ్డతో దేశం వదిలేవాళ్లు చాలా తక్కువ. అందువల్ల ఆ గడిలో లోటు కనిపిస్తే అది దాదాపుగా ఎన్యూమరేటర్ రాసుకోని బిడ్డే. పసిపిల్లల్ని మరచిపోవడం ప్రపంచమంతటా గణనల్లో ఉన్న జబ్బు. ఆ లోటు శాతాన్ని పెద్దల జట్లలో తప్పిపోయినవాళ్లకు గరిష్ఠ పరిమితిగా వాడుకుని, దాన్ని మించిన లోటును వలస కింద వేయడం మేం సిఫారసు చేసే పద్ధతి.

తర్వాత అవతలి ఒడ్డున సరిచూడాలి. మారిషస్‌లో పుట్టినవాళ్లు బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియాలలో పదుల వేలల్లో ఉన్నారు. కెనడాలోనూ గణనీయంగా ఉన్నారు. ఆ దేశాల గణనల్లో పుట్టిన దేశం వారీ పట్టికలుంటాయి. అయితే అక్కడున్న మొత్తాన్ని తీసుకుని లాభం లేదు. వాళ్లలో చాలామంది స్వాతంత్ర్యం వచ్చిన 1968కి అటూ ఇటూ వెళ్లినవాళ్లు, ఇప్పుడు వృద్ధులు. రెండు గణనల మధ్య పెరుగుదల తీసుకుని, అక్కడ చనిపోయిన వృద్ధుల సంఖ్యను దానికి కలిపితేనే కొత్తగా వెళ్లినవాళ్లు తేలతారు. ఆ మరణాల్ని మరచిపోతే వలస తక్కువగా కనబడుతుంది.

ఇంకో ముసుగు విదేశీ కార్మికులది. బట్టల ఫ్యాక్టరీల్లో, నిర్మాణ పనుల్లో బంగ్లాదేశ్, భారత్, నేపాల్, మడగాస్కర్ నుంచి వచ్చినవాళ్లు పనిచేస్తున్నారు. వీళ్లలో ఎక్కువమంది 25–39 ఏళ్ల మగవాళ్లు. సరిగ్గా మారిషస్ యువకులు ఖాళీ చేస్తున్న గళ్లలోకే వీళ్లు వచ్చి చేరతారు. మొత్తం మీద చూస్తే ఖాళీ కనిపించదు. కాబట్టి పైన చెప్పిన పనంతా పౌరసత్వం కాలమ్ పెట్టి, పౌరులకు విడిగా చేయాలి. గణనలో రెండు మొత్తాలుంటాయి: గణన రాత్రి దేశంలో ఎవరెవరు ఉన్నారన్నది ఒకటి, మామూలుగా ఇక్కడ నివసించేది ఎవరన్నది మరొకటి. ఒక గణన నుంచి మొదటిదీ, మరో గణన నుంచి రెండోదీ తీసుకుని పోల్చిన పట్టికలు ఇంటర్నెట్‌లో బోలెడు తిరుగుతున్నాయి.

పాత పిరమిడ్

ఇవాళ్టి వయసుల ఆకారం, అంటే జనాభా పిరమిడ్, 1950లలో మొదలైంది. ప్రధాన ద్వీపం జనాభా 1931లో 3.93 లక్షలు, 1944లో 4.19 లక్షలు, 1952లో 5.01 లక్షలు, 1962లో 6.82 లక్షలు. చివరి పదేళ్లలో 36 శాతం పెరుగుదల. కారణం ముఖ్యంగా మలేరియా. 1867లో ఒక్క ఏడాదిలోనే 30 వేలకు పైగా ప్రాణాలు తీసిన జ్వరం అది. 1949–51 మధ్య ఊరూరా డీడీటీ చల్లడంతో మరణాల రేటు కొద్ది ఏళ్లలో సగానికి పడిపోయింది. జననాలు మాత్రం తగ్గలేదు, ఆరోగ్యం బాగుపడటంతో కొంత పెరిగాయి కూడా. 1961లో బ్రిటిష్ ఆర్థికవేత్త జేమ్స్ మీడ్, సామాజిక విధాన పండితుడు రిచర్డ్ టిట్మస్ నేతృత్వంలో వచ్చిన రెండు నివేదికలూ ఈ వేగం కొనసాగితే దీవి నిలవదని హెచ్చరించాయి.

ఆ జోస్యం తప్పింది. స్త్రీకి సగటున ఆరుగురు పిల్లల దగ్గర ఉన్న సంతానోత్పత్తి రేటు 1960ల మొదటి నుంచి 1970ల మొదటికల్లా దాదాపు మూడుకు వచ్చింది. ఎవర్నీ బలవంతపెట్టలేదు. 1957లో మొదలైన కుటుంబ నియంత్రణ సంఘం మాత్రలు, సాధనాలు అందించింది. చర్చి అనుమతించే సహజ పద్ధతుల్ని నేర్పడానికి 1963లో ‘అక్సియోన్ ఫామిలియాల్’ పుట్టింది. రెండూ ప్రభుత్వ సాయం పొందాయి, ఏ మతం వాళ్లకు తగిన దారి వాళ్లకు దొరికింది. దీనికంటే ముందే ఆడపిల్లల పెళ్లి వయసు పెరగడం మొదలైంది. 1970 తర్వాత ఎగుమతి మండలం ఫ్యాక్టరీల్లో వాళ్లకు జీతాలు దొరకడం దాన్ని మరింత ముందుకు నెట్టింది. మన దేశంలో 1970లలో జరిగిన బలవంతపు ఆపరేషన్లతో పోల్చి చూస్తే, బలవంతం లేకుండా ఇంత వేగం సాధ్యమేనని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ మాకు కనబడలేదు.

1972 అంకెలు ఇప్పటికీ బతికే ఉన్నాయి

మారిషస్ రాజ్యాంగం మొదటి షెడ్యూలు దేశ ప్రజల్ని నాలుగు సముదాయాలుగా చూస్తుంది: హిందువులు, ముస్లింలు, సీనో-మారిషియన్లు (చైనా మూలాలున్నవాళ్లు), ఈ మూడింట్లో దేనికీ చెందని ‘జనరల్ పాపులేషన్’. పార్లమెంటులో ఎన్నికైన 62 స్థానాలకు అదనంగా ఎనిమిది వరకు స్థానాల్ని ‘బెస్ట్ లూజర్’ పద్ధతిలో, తక్కువ ప్రాతినిధ్యం దక్కిన సముదాయాలకు చెందిన ఓడిన అభ్యర్థులకు ఇస్తారు. దానికి సముదాయాల జనాభా కావాలి. 1982లో రాజ్యాంగాన్ని సవరించి, మరుసటి ఏడాది గణన నుంచి సముదాయం ఏదన్న ప్రశ్నను తీసేశారు. మనుషుల్ని సముదాయాలుగా ముద్రవేయవద్దన్నది ఉద్దేశం. కానీ పద్ధతి మాత్రం అలాగే ఉంది, 1972 అంకెల మీద.

దీన్ని అర్థం చేసుకోవాలంటే ఒక్కసారి చేత్తో లెక్కవేయాలి. 1972లో ప్రధాన ద్వీపంలో హిందువులు 4,28,167, ముస్లింలు 1,37,081, సీనో-మారిషియన్లు 24,084, జనరల్ పాపులేషన్ 2,36,867. ఉదాహరణకు ఒక ఎన్నికలో వీరికి వరుసగా 36, 8, 1, 17 స్థానాలు వచ్చాయనుకుందాం. సముదాయ జనాభాను, ఉన్న స్థానాలకు ఒకటి కలిపి భాగించాలి. ఎవరి భాగఫలం పెద్దదైతే స్థానం వాళ్లది. హిందువులకు 37తో భాగిస్తే 11,572, ముస్లింలకు 9తో 15,231, సీనోలకు 2తో 12,042, జనరల్‌కు 18తో 13,159. మొదటి స్థానం ముస్లింలకు. మళ్లీ 10తో భాగిస్తే 13,708, రెండోదీ వాళ్లదే. 11తో భాగిస్తే 12,462కు దిగుతారు, మూడోది జనరల్‌కు. నాలుగోదానికి జనరల్ 19తో భాగిస్తే 12,467. ముస్లింలు 12,462. భాగఫలంలో ఐదే తేడాతో స్థానం తేలింది! అదీ యాభై ఏళ్ల కిందటి గణన అంకెలతో; అందులో ముస్లింలు మరో 53 మంది ఉంటే స్థానం వాళ్లదయ్యేది.

ఇది ప్రధాన ద్వీపం అంకెలతో చేసిన నమూనా మాత్రమే. దాదాపుగా జనరల్ పాపులేషనే ఉన్న రొడ్రిగ్స్ దీవిలోని 24 వేల చిల్లర మందిని కలిపితే స్థానాలు వచ్చే వరుసే మారిపోతుంది. ఏ పట్టిక వాడుతున్నారో చెప్పకుండా ఈ లెక్క వేసి చూపించేవాళ్లను నమ్మవద్దు. 2012లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ, అంకెల్ని తాజాపరచకుండా అభ్యర్థి తన సముదాయాన్ని ప్రకటించి తీరాలనడం హక్కుల ఉల్లంఘన అంది. 2014 ఎన్నికలకు తాత్కాలిక చట్టంతో ఆ నిబంధనను సడలించారు. ఎంతో మంచి ఉద్దేశంతో ప్రశ్నను తొలగించారు, మేం దాన్ని గౌరవిస్తాం. అయితే ప్రశ్న పోయినా ఆ జవాబు మీద ఆధారపడ్డ చట్టం ఉండిపోవడం అన్నిటికంటే చెడ్డ ఏర్పాటు.

తెలుగువాళ్లు ఏ గడిలో ఉన్నారు?

పై నాలుగు సముదాయాల్లో తెలుగువాళ్లు హిందువుల గడిలోనే ఉంటారు, తమిళులు, మరాఠీలతో కలిసి. మతం ప్రశ్నకు వచ్చేసరికి చాలామంది తమ మతాన్ని ‘తెలుగు’ అనే రాస్తారు. మారిషస్‌లో అది గుర్తింపు ఉన్న జవాబే, వివరమైన పట్టికల్లో దానికి విడిగా గడి ఉంది. 1983, 1990, 2000 గణనల్లో పూర్వికుల భాష ఏదన్న ప్రశ్నా, ఇంట్లో మాట్లాడే భాష ఏదన్న ప్రశ్నా రెండూ ఉన్నాయి. మతం, పూర్వికుల భాష, ఇంటి భాష అన్న ఈ మూడు ప్రశ్నలకూ మూడు వేర్వేరు మొత్తాలొస్తాయి. ఇంటి భాష గడిలో తెలుగు అన్నిటికంటే చిన్నది. 2011లోనే 86 శాతానికి పైగా జనం ఇంట్లో క్రియోల్ (ఫ్రెంచి మూలంగా పుట్టిన స్థానిక భాష) మాట్లాడుతున్నారు. అంతకుముందు ఊళ్లలో అందరి భాషగా ఉన్న భోజ్‌పురీ కూడా 2000లో 12 శాతం నుంచి 2011లో 5 శాతానికి పడిపోయింది. ఆ గడి చూసి ‘మారిషస్‌లో తెలుగువాళ్లు కనుమరుగయ్యారు’ అని రాసే వ్యాసాలు పూర్తిగా తప్పు. ఉగాది అక్కడ జాతీయ సెలవుదినం, మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు చెబుతున్నారు, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే.

పట్టికలోంచి తీసేటప్పుడు గమనించాల్సినవి కొన్ని. ఆంగ్ల అక్షరాల్లో ‘తెలుగు’ను అక్కడి కాగితాలు రెండు రకాలుగా రాస్తాయి, రెండో అక్షరంలోని అచ్చు మారుతుంది. ఒక స్పెల్లింగ్‌తో వెతికితే సగం పట్టికలు దొరకవు. భాషా పట్టికల్లో రెండు భాషలు కలిపి చెప్పినవాళ్లకు వేరే వరుసలుంటాయి, ‘క్రియోల్, మరో ప్రాచ్య భాష’ లాంటివి. ఆ వరుసలో తెలుగు ఉన్నా పేరు కనబడదు. కాబట్టి ‘తెలుగు మాత్రమే’ వరుసను కనిష్ఠంగా చెప్పాలే తప్ప మొత్తంగా చెప్పకూడదు. ఇక 19వ శతాబ్దపు ఒప్పంద కూలీల రిజిస్టర్లలో మనిషి ఏ ఓడరేవులో ఎక్కాడో రాశారు. మద్రాసులో ఎక్కినవాళ్లలో తమిళులు, తెలుగువాళ్లు కలిసిపోయారు. గోదావరి తీరంలోని కోరంగి నుంచి వెళ్లినవాళ్లను గుర్తించడం కొంత సులువు. మిగతావాళ్లకు జిల్లా పేరే ఆధారం: గంజాం, విశాఖపట్నం, రాజమండ్రి. గంజాం మళ్లీ ఒడియా వాళ్లతో కలిసిన జిల్లా కాబట్టి అక్కడి నుంచి వెళ్లినవాళ్లందరినీ తెలుగు ఖాతాలో వేయలేం.

రొడ్రిగ్స్, అగలేగా

ప్రధాన ద్వీపానికి తూర్పున 560 కిలోమీటర్ల దూరంలో ఉన్న రొడ్రిగ్స్‌లో నలభై వేల పైచిలుకు జనం. ఏడాదికి జననాలు 700–800. శిశు మరణాలు పది అయితే రేటు వెయ్యికి 13. ఏడైతే 9, పదమూడైతే 17. ఈ మూడింటి మధ్య గణాంకపరంగా తేడా లేదు, ఏటేటా వచ్చే చిన్న ఊగిసలాటే. కానీ పత్రికలు ఒక ఏడాది ‘ఆస్పత్రి విఫలం’ అనీ, మరుసటి ఏడాది ‘అద్భుత ప్రగతి’ అనీ రాస్తాయి. ఐదేళ్లు కలిపి రేటు కట్టి, పక్కన అసలు మరణాల సంఖ్య వేయాలి. ప్రసవం కష్టమవుతుందనుకున్న తల్లుల్ని ప్రధాన ద్వీపానికి పంపిస్తారు కాబట్టి, జననాలూ శిశు మరణాలూ రెండూ తల్లి నివాసం ప్రకారమే వేయాలి. ఒకటి నివాసం ప్రకారం, మరొకటి జరిగిన చోటు ప్రకారం తీసుకుంటే ఆ రేటుకు అర్థమే లేదు.

మారిషస్‌కే చెందిన మరో చిన్న దీవి అగలేగాలో స్థానికులు మూడు వందల చిల్లర. 2022 గణన నాటికి అక్కడ రన్‌వే, జెట్టీ పనుల మీద బయటి నుంచి వచ్చిన కార్మికులున్నారు. గణన రాత్రి ఉన్నవాళ్లను లెక్కిస్తే ఆ దీవి జనాభా ఉబ్బుతుంది, స్త్రీపురుష నిష్పత్తి వింతగా తయారవుతుంది. అక్కడికి నివాస జనాభా ఒక్కటే పనికొస్తుంది.

జననాలు, పింఛన్లు

ఇప్పుడు సంతానోత్పత్తి రేటు 1.4 దగ్గర ఉంది. తరం తనను తాను నిలుపుకోవడానికి కావలసింది సుమారు 2.07. భాగిస్తే 0.68, అంటే కూతుళ్ల తరం తల్లుల తరంలో మూడింట రెండు వంతులు. 15–49 ఏళ్ల స్త్రీలు మూడు లక్షల పైచిలుకు, వాళ్లలో వెయ్యికి ఏటా నలభై ప్రసవాలు. జననాలు 12 వేల చిల్లర. మరణాలు కూడా ఇప్పుడు అదే స్థాయికి వచ్చాయి. ఇక నుంచి వలసే జనాభా పెరుగుతుందో తగ్గుతుందో తేలుస్తుంది. మొదట చెప్పిన 30 వేల తేడా కేవలం పాత లెక్కల సవరణ అనుకోలేకపోవడానికి కారణం ఇదే.

అరవై దాటినవాళ్లు 2011లో ఎనిమిది మందిలో ఒకరు, 2022కి ఐదుగురిలో ఒకరికి దగ్గరగా వచ్చారు. ఆదాయంతో పనిలేకుండా అరవై నిండిన ప్రతి ఒక్కరికీ ఇచ్చే పింఛను మారిషస్ గర్వించదగ్గ ఏర్పాటు. దాని అర్హత వయసును దశలవారీగా 65కు పెంచుతామని 2025–26 బడ్జెట్‌లో ప్రకటించారు. ఈ నిర్ణయం మంచిదా కాదా అని వాదించేవాళ్లు ముందు ఏ పట్టిక వాడాలన్నది చూడాలి. పింఛనుదారుల సంఖ్యకు వృద్ధుల జట్లు చాలు, అక్కడ వలస తక్కువ, అంకెలు గట్టివి. భారం మోసేవాళ్ల సంఖ్యకు మాత్రం 20–59 వయసు జట్టు కావాలి. లెక్క తేలని 30 వేల మందిలో ఎక్కువమంది ఆ జట్టులోనే ఉండి ఉంటారు. 2022కు ముందు అంచనాలతో చేసిన ప్రొజెక్షన్లలో పనిచేసే వయసువాళ్ల సంఖ్య అంతమేరకు ఎక్కువ, ఒక్కో వృద్ధుడికి ఎంతమంది పనిచేసేవాళ్లున్నారన్న అంకె ఉన్నదానికంటే బాగా కనబడుతుంది. పాత ప్రొజెక్షన్‌ను చేతిలోకి తీసుకునేవాళ్లు మూల సంవత్సరం ఏదో చూసి, అది 2011 అయితే 2022 గణనతో మళ్లీ మొదలుపెట్టి, పౌరులకూ విదేశీ కార్మికులకూ వేర్వేరు వలస రేట్లు వేసి తిరిగి నడపాలి. విదేశీ కార్మికులు ఏటేటా వృద్ధులు కారు. ఒప్పందం ముగిస్తే వెళ్లిపోతారు, వాళ్ల చోట్లోకి అదే వయసువాళ్లు మళ్లీ వస్తారు. వాళ్లను మామూలు జట్లలో కలిపి ముందుకు జరిపితే 2050 నాటికి లేని వృద్ధులు పట్టికలో పుట్టుకొస్తారు.